పిడుగు తాగే గ్లాసు

ఆ ఇంటి కోడలికి నీళ్ల మీద నమ్మకం లేదు. నమ్మకపోవడమే ఆమె ఉద్యోగం. నీటి పరీక్షల ల్యాబ్‌లో తొమ్మిదేళ్ల సర్వీసు. బళ్లు, ఆస్పత్రులు, హాస్టళ్లు తిరిగి కుళాయిల దగ్గర సీసాల్లో నీళ్లు పట్టి తేవడం, వాటిని పల్చటి కాగితం గుండా వడకట్టడం, ఆ కాగితాన్ని మూతున్న గాజు పళ్లెంలో పరిచి వెచ్చటి పెట్టెలో ఒక రోజంతా ఉంచడం, మర్నాడు తీసి ఎన్ని చుక్కలు మొలిచాయో లెక్కపెట్టడం. ఒక్కో చుక్కా కంటికి కనిపించని ఒక్కో క్రిమి పెట్టుకున్న సంసారం. తాగే నీళ్లలో అలాంటి సంసారం ఒక్కటి కూడా ఉండకూడదు. అద్దంలా మెరిసే నీళ్లను చూసి ఎవరైనా "అబ్బ, ఎంత బావున్నాయో" అన్నారంటే ఆమెకు నవ్వాగదు.

ఆ ఇంటి మామగారిది సరిగ్గా దీనికి ఎదురు దారి. ఆయన ముప్పై రెండేళ్లు పంపుహౌస్‌లో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యారు. గ్లాసును వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, "ఎక్కడో వాల్వు దగ్గర తుప్పు రాలుతోంది" అన్నారంటే నాలుగు రోజుల్లో ఆ వీధిలో గొయ్యి తవ్వుతూ నలుగురు మనుషులు కనిపించేవారు. నీళ్ల విషయంలో ఆయన కన్ను అంత నిఖార్సైనది. అందుకే ఆ నాలుగంతస్తుల బిల్డింగులో అందరికీ ఆయన పంపుల తాతయ్య. కంటికి కనిపించని దాన్ని నమ్మమంటే మాత్రం ఆయన తల గోక్కునేవారు.

అత్తగారు ఎప్పుడో పోయారు. రిటైరైన మొదటి ఏడాది ఆయన పడ్డ అవస్థ చూడలేక కోడలు చాటుగా ఏడ్చింది కూడా. పొద్దున్నే స్నానం చేసి, లంచ్ బాక్సు సర్దుకుని, గుమ్మందాకా వెళ్లి, అక్కడ గుర్తొచ్చి ఆగిపోయేవారు. తిరిగొచ్చి ఆ బాక్సు విప్పుకుని కుర్చీలో కూర్చుని తొమ్మిదింటికే తినేసేవారు. ముప్పై ఏళ్లు ఊరికి నీళ్లు పంపిన మనిషికి ఒక్కసారిగా ఎవరికీ ఏమీ పంపే పని లేకుండా పోయింది.

అప్పుడు పుట్టింది పిడుగు. అసలు పేరు బర్త్ సర్టిఫికెట్లో భద్రంగా ఉంది గానీ, పుట్టిన రాత్రి ఆస్పత్రి దద్దరిల్లేలా ఏడ్చింది కాబట్టి తాత పెట్టిన ఈ పేరే ఖాయమైంది. కోడలు ఎనిమిదింటికి ల్యాబ్‌కి పోతుంది. ఆమె భర్త దూరపు బస్సు నడుపుతాడు, రెండు రోజులు రోడ్డు మీద ఉంటే ఒక రోజు ఇంట్లో ఉంటాడు. దాంతో పిడుగు మొత్తంగా తాత చేతికొచ్చింది. ఇప్పుడు దానికి రెండున్నరేళ్లు. తినిపించడం, కడగడం, జోకొట్టడం, పడితే లేపడం, పడకముందే పట్టుకోవడం, అన్నీ ఆయనే. లంచ్ బాక్సు ఎక్కడుందో కూడా ఆయన మర్చిపోయారు.

అంత సవ్యంగా సాగుతున్న ఇంట్లో పిడుగుకు విరేచనాలు పట్టుకున్నాయి. మొదటిసారి ఎందుకొచ్చాయో ఎవరికీ తెలియదు. నేల మీద ఏది కనిపిస్తే అది నోట్లో పెట్టుకునే వయసు. మూడు రోజుల్లో తగ్గింది. పిల్లల డాక్టరమ్మ "నీళ్లు కాచి చల్లార్చి పట్టండి" అంది. ఆ మాట మామగారు చెవిన వేసుకున్న తీరు చూడాలి. మర్నాటి నుంచీ నీళ్లు మూడు పొంగులు పొంగితే గానీ పొయ్యి ఆర్పేవారు కాదు.

అయితే ఆ ఊరి నీళ్లు కాస్త సున్నం నీళ్లు. కాస్తే అడుగున తెల్లటి పెచ్చులు చేరతాయి. పెచ్చులు కనిపించే నీళ్లు తన మనవరాలి గొంతులోకి పోవడమా! ఆయన వల్ల కాలేదు. పిడుగును ఆస్పత్రి నుంచి చుట్టి తెచ్చిన మెత్తటి నూలు గుడ్డ ఒకటుంటే దాన్ని వెతికి తీశారు. రెండు మడతలేసి, చల్లారిన నీళ్లను దాని గుండా వడకట్టి, కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములోకి పోసేవారు. తర్వాత గుడ్డను నీళ్లతో జాడించి, పిండి, సింకు కుళాయి మెడకు తగిలించేవారు. ఒక్క నలుసుంటే ఒట్టు. గ్లాసు వెలుతురుకెత్తి చూసుకుని ఆయనే మురిసిపోయేవారు.

మూడు వారాలకు పిడుగుకు మళ్లీ విరేచనాలు. ఆ తర్వాత నెల తిరక్కుండానే మూడోసారి. ఈసారి ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఇల్లు పీకి పందిరేసే పిల్ల, సూది గుచ్చిన చెయ్యి పక్కన పెట్టుకుని కళ్లు మాత్రమే తిప్పుతూ పడుకుంది. మామగారు మంచం కాళ్ల దగ్గర నిలబడి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీళ్ల సంగతి చూస్తున్నారా?" అంది డాక్టరమ్మ. "ఇంత చిన్న పిల్లకి ఇలా మళ్లీ మళ్లీ వస్తే మంచిది కాదు. ఒంట్లో నీరంతా పోతే నిమిషాల మీద విషమిస్తుంది."

"నీళ్లు నేనే పరీక్ష చేశానండీ, మూడుసార్లూ," అంది కోడలు, కాస్త గర్వంగానే. "సున్నా."

అబద్ధం కాదు. పిడుగుకు జబ్బు చేసిన ప్రతిసారీ ఆమె ల్యాబ్ సంచీ ఇంటికి తెచ్చి, వంటగది కుళాయి దగ్గర నీళ్లు పట్టింది. పద్ధతంటే పద్ధతే. కుళాయి మెడకున్న గుడ్డ తీసి గట్టు మీద పెట్టింది. కుళాయి మూతి తుడిచి, రెండు నిమిషాలు నీళ్లు వదిలి, కట్టేసి, స్పిరిట్‌లో ముంచిన దూదికి నిప్పంటించి మూతి చుట్టూ కాల్చింది. మళ్లీ నీళ్లు వదిలి, సీసా అంచు దేనికీ తగలకుండా పట్టింది. తర్వాత గుడ్డను తీసి ఎప్పట్లా కుళాయి మెడకే తగిలించింది. గుడ్డ వచ్చాక రెండుసార్లూ తన చేత్తో తీసి, తన చేత్తో తగిలించింది. తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న మనిషే ఇలాంటి తప్పు చేయగలదు. ఏమీ రానివాళ్లయితే డ్రమ్ములో నీళ్లే సీసాలో పోసిచ్చి ఉండేవారు.

నీళ్లు మంచివని తేలాక ఆమె అనుమానం ఊరంతా తిరిగింది. పార్కులో ఇసుక మానిపించింది. పక్కింటి పిల్లిని గుమ్మం ఎక్కనివ్వలేదు. పాపం ఆ పిల్లి ఏ పాపం ఎరగదు. కింది కొట్లో బిస్కెట్లు బంద్ చేసింది. ఇల్లంతా ఫినాయిల్ కంపు కొట్టించింది. ఆస్పత్రి నుంచి వచ్చాక మామగారు తన వంతుగా ఇంకో జాగ్రత్త తీసుకున్నారు. గుడ్డకు రెండు మడతల బదులు నాలుగు మడతలు వేశారు.

ఆ వారమే కోడలు ఒక ఆడపిల్లల హాస్టల్‌కి సీసాలు పట్టుకుని వెళ్లింది. అక్కడ పది మంది పిల్లలకు కడుపు నొప్పులు. వంటావిడ భారీ మనిషి, చేతులకు పిండి. గుమ్మానికి ఆనుకుని, కోడలు కుళాయి మూతిని కాలుస్తుంటే చిత్రం చూసినట్టు చూస్తోంది.

"పోయిన నెల కూడా మీవాళ్లొచ్చి ఇలాగే మంట పెట్టి పోయారు," అంది. "నీళ్లు బాగున్నాయని కాగితం వచ్చింది. పిల్లలు మాత్రం మెలికలు తిరిగిపోతూనే ఉన్నారు."

"కుళాయి మూతికి ఉన్న మురికి సీసాలో పడకూడదండీ. అందుకే కాలుస్తాం."

"అది సరేనమ్మా. మా పిల్లలు కుళాయి కాల్చుకుని తాగరు కదా? బిందెలో పడతాం, చెంబుతో ముంచుతాం, గ్లాసులో పోస్తాం. ఆ గ్లాసులోంచి ఒక్కసారైనా తీసుకెళ్లారా మీరు? లోపలికి పోయేది గ్లాసులో నీళ్లేగా!"

కోడలి చేతిలో దూది కాలిపోతోంది. వేలు చురుక్కుమనేదాకా ఆమె చూసుకోలేదు. కళ్ల ముందు కుళాయి మెడకు తడితడిగా వేలాడే గుడ్డ కనిపించింది. వంటావిడకు దణ్ణం పెట్టాలనిపించింది. ఆ క్షణంలో తన మీద తనకు పుట్టిన సిగ్గు అంతా ఇంతా కాదు.

ఆ సాయంత్రం మామగారు పిడుగును కిందికి ఆడించడానికి తీసుకెళ్లగానే ఆమె నాలుగు సీసాల్లో నీళ్లు పట్టింది. ఒకటి కుళాయిది. ఒకటి కాచి చల్లార్చిన గిన్నెలోది, వడకట్టక ముందుది. ఒకటి డ్రమ్ములోంచి పిడుగు గ్లాసులోకి పట్టి తీసినది. నాలుగోది, గుడ్డను పిండగా కారినది.

మర్నాడు గడిచాక పెట్టె తెరిచింది. మొదటి రెండు పళ్లేలూ శుభ్రం. గ్లాసు పళ్లెం నిండా చుక్కలు, ఆకుపచ్చగా, రేకు మెరిసినట్టు మెరుస్తూ. పేగుల్లో ఉండాల్సిన క్రిములు అవి. ఇక గుడ్డ పళ్లెంలో చుక్కకూ చుక్కకూ మధ్య సందే లేదు. రిజిస్టర్లో అలాంటి వాటికి రాసే మాట ఒకటుంది, "లెక్కకు మించినవి" అని. తొమ్మిదేళ్లలో ఎన్నోసార్లు రాసింది. ఈసారి రాయడానికి చెయ్యి రాలేదు.

ఆమె కుర్చీలో కూలబడి అంతా కూడగట్టుకుని ఆలోచించింది. మామగారు రోజుకు నాలుగైదుసార్లు పిడుగుకు కడుగుతారు. తర్వాత చెయ్యి ధారాళంగా కుళాయి కింద పెట్టుకుంటారు. సబ్బు ముట్టరు. పారే నీళ్లే అన్నిటినీ కడుగుతాయన్నది ఆ పంపుల మనిషి నమ్మకం. ఆ చేత్తోనే గుడ్డ జాడిస్తారు, పిండుతారు. గుడ్డకు సబ్బు లేదు, ఎండ లేదు, ఆరే వ్యవధి లేదు. పిడుగు మొదటి జబ్బే చేతి మీదుగా గుడ్డలోకి, గుడ్డలోంచి డ్రమ్ములోకి, మళ్లీ పిడుగు కడుపులోకి తిరుగుతూ ఉండాలి. ప్రాణం పెట్టి పెంచే చెయ్యే పిల్లకు జబ్బు తెచ్చిపెడుతోంది. ఈ మాట ఆయనకు ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి?

భర్తకు ఫోన్ చేసింది. అతను బస్సు ఆపుకుని టీ తాగుతున్నాడు. విని గ్లాసు పక్కన పెట్టేశాడు.

"నాన్నకి చెప్పకు," అన్నాడు. "చచ్చిపోతాడు. అంటే నిజంగా కాదు... పిల్లని ముట్టుకోడు. ఆయన సంగతి నాకు తెలుసు. గుడ్డ తీసి పారెయ్, చాలు."

సరేనని గుడ్డ పారేసింది. డ్రమ్ము మరిగే నీళ్లతో కడిగింది. "చిరిగిపోయింది మామయ్యా" అని అబద్ధమాడింది. మర్నాడు ఇంటికొచ్చేసరికి కుళాయి మెడకు కొత్త గుడ్డ వేలాడుతోంది. ఇంకా దళసరిది.

"ఇది ఇంకో పదేళ్లు చిరగదమ్మాయ్!" అన్నారు మామగారు సంబరంగా. అంటూనే పిడుగుకు కడిగి వచ్చి, చెయ్యి కుళాయి కింద పెట్టి, గుడ్డ పిండారు. గుడ్డ పారెయ్యొచ్చు. చేతుల్ని ఏం చేస్తుంది? చెప్పక తప్పదని ఆమెకు అర్థమైంది. ఆ పూట డ్రమ్ము నీళ్లు పారబోసి, గుడ్డ దాచేసి, కాచిన నీళ్లు తనే గిన్నెలోంచి నేరుగా పట్టింది.

"మామయ్యా, రేపు మా ల్యాబ్‌కి రండి," అంది. "ముప్పై రెండేళ్లు ఇదే శాఖలో చేశారు, ఒక్కసారైనా మా గడప తొక్కలేదు."

మర్నాడు భర్త ఇంట్లో ఉన్న రోజు. పిడుగును అతనికి అప్పగించి ఆయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. ల్యాబ్‌లో కనిపించిన ప్రతివాడికీ "మాది పంపుహౌస్ అండీ" అని పరిచయం చేసుకున్నారు. ఆ ఉత్సాహం చూసి కోడలు వెనకాడింది. వద్దు, ఇంటికి పంపించేద్దాం అని కూడా అనుకుంది. అప్పటికే ఆయన బల్ల దగ్గరికి వచ్చేశారు. బల్ల మీద మూడు పళ్లేలు వరసగా ఉన్నాయి.

"ఇది కుళాయి నీళ్లు మామయ్యా."

"అద్దంలా ఉంది!"

"ఇది కాచిన నీళ్లు."

"ఇదీ బాగుంది. మరి ఇదేంటమ్మా ఇది?" మూడో పళ్లెం మీదికి వంగి ఆయన మొహం చిట్లించారు. "మురిక్కాలవదా?"

"గ్లాసులో నీళ్లు."

"గ్లాసులోవా! తాగుతున్నారా ఇవి? ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"ఒక పాప ఉంది."

"మరి నిలబడి చూస్తావేంటి! ముందు ఫోన్ చెయ్యి. ఆ పిల్లకి నీళ్లు పోసేది ఎవరో గానీ, బుద్ధుందా లేదా అని అడుగు. పంపుహౌస్‌లో చేసిన ఒక పెద్దాయన అడగమన్నాడని చెప్పు!"

రాత్రంతా అనుకున్న మాటలు కోడలికి ఒక్కటీ గుర్తు రాలేదు. కళ్లు మాత్రం నిండిపోయాయి. ఆయన ఆమె వంక చూశారు. మళ్లీ పళ్లెం వంక చూశారు. మూత మీద ఆమె పెన్సిల్‌తో రాసుకున్న చీటీ ఉంది. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నారు. చీటీ మీద ఉన్నవి రెండే మాటలు, "ఇల్లు, గ్లాసు". ఆ రెండు మాటలూ చదవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"మనదా?"

"మనదే మామయ్యా."

"కాచానమ్మా. మూడు పొంగులు రానిచ్చాను."

"మీరు కాచిన నీళ్లు సున్నానే. చూశారుగా. తేడా గుడ్డ దగ్గర వచ్చింది."

ఆయన రెండు చేతులూ ఎత్తి, తిప్పి, వెలుతురులో గ్లాసును చూసినట్టే చూసుకున్నారు. ఆమె ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"పిల్లకి కడిగిన చేత్తోనే పిండేవాణ్ణి," అన్నారు నెమ్మదిగా. "నీళ్లతో కడుక్కునేవాణ్ణమ్మా. బాగా కడుక్కునేవాణ్ణి."

"మామయ్యా, రెండుసార్లు ఆ గుడ్డ తీసి పక్కన పెట్టింది నేను. మూడుసార్లు సున్నా అని రాసింది నేను. ముందు తప్పు నాది."

ఆయన విన్నట్టు లేదు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, వచ్చేటప్పుడు పలకరించిన వాళ్లెవరినీ పలకరించకుండా వెళ్లిపోయారు.

భర్త చెప్పినట్టే జరిగింది. మర్నాటి నుంచి ఆయన పిడుగును ముట్టుకోలేదు. కింద అంతస్తులో ఉండే దర్జీ ఆవిడను బతిమాలి, మధ్యాహ్నం వచ్చి తినిపించి కడిగి వెళ్లేలా ఒప్పించారు. నీళ్లకు కోడలు పొద్దున్నే సీసాలో పోసి మూత పెట్టి వెళ్లేది. ఆయన మాత్రం కుర్చీలో కూర్చుని, పిల్ల ఎక్కడికి పోతే అక్కడికి కళ్లు తిప్పుతూ కాపలా కాసేవారు.

"తాతా, నీల్లు," అనేది పిడుగు గ్లాసు పట్టుకొచ్చి.

"కింద దర్జీ అత్త వస్తుంది, అత్తనడుగు."

పిడుగుకు ఒళ్లు మండేది. గ్లాసుతో ఆయన మోకాలి మీద టంగుటంగున కొట్టేది. అయినా లాభం లేకపోతే చెయ్యి పట్టుకుని లాగేది. ఆయన చేతులు రెండూ చంకల్లో దాచుకునేవారు. పిడుగు ఆ చంకల్లో చెయ్యి దూర్చి వెతికేది. ఇది చూసిన రోజున దర్జీ ఆవిడ మెట్ల మీద కూర్చుని ఏడ్చి మరీ కిందికి వెళ్లింది.

నాలుగో రోజు పొద్దున కోడలు ల్యాబ్‌కి బయల్దేరుతుంటే మామగారు స్నానం చేసి, లంచ్ బాక్సు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎక్కడికి అని అడగబోయి ఆగిపోయింది. చెప్పులు విప్పేసి, సెలవు పెడుతున్నానని ల్యాబ్‌కి ఫోన్ చేసి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తను నేల మీద ఎదురుగా కూర్చుంది.

"ముందు తప్పు నాదే అన్నాను. మీరు పిల్లని వదిలేశారు. మరి నన్నేం చెయ్యమంటారు? ల్యాబ్ మానెయ్యనా?"

"నీకేంటమ్మా. చదువుకున్నదానివి. దిద్దుకుంటావు."

"మీరు దిద్దుకోరా? మెయిన్ పైపు పగిలితే ముప్పై రెండేళ్లూ ఇంటికెళ్లి చంకల్లో చేతులు పెట్టుకుని కూర్చున్నారా?"

"పైపు వేరు, చెయ్యి వేరు."

"అవును, వేరే. చేతికి సబ్బు ఉంది. పైపుకి అదీ లేదు."

ఆయన మూతి ఒక పక్కకు కదిలింది. నవ్వు అని ఒప్పుకోవడానికి ఇష్టం లేని నవ్వు. అంతలోనే కళ్లు తుడుచుకున్నారు.

"ఆ సూది గుచ్చిన చెయ్యి కళ్లల్లోంచి పోవట్లేదమ్మాయ్," అన్నారు. "దానికి మళ్లీ ఏమన్నా అయితే నేను బతకను."

"మీరు పొయ్యకపోతే దానికి నీళ్లు రుచించట్లేదు మామయ్యా. సీసాలో నీళ్లు సగం కూడా తాగట్లేదు. అది చూడట్లేదా మీరు?"

ఆ మాట మాత్రం తగలాల్సిన చోట తగిలింది. ఆయన లేచి సింకు దగ్గరికి వెళ్లారు.

"ఎంతసేపు రుద్దాలి?"

ఆ రోజంతా పంపుహౌస్‌లో కొత్తగా చేరినవాడికి పని నేర్పినట్టు నేర్పింది ఆమె. ఆయన కూడా అలాగే నేర్చుకున్నారు. వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు దాకా, ఇరవై లెక్కపెట్టేదాకా సబ్బు. పిల్లకు కడిగాక ఒకసారి, నీళ్లు ముట్టే ముందు ఒకసారి. గోళ్లు మొదలంటా కత్తిరించుకున్నారు. గుడ్డ సంగతి వచ్చేసరికి ఆయనే ఒక ఉపాయం చెప్పారు.

"గుడ్డ అసలెందుకు? మా దగ్గర చెరువంత నీళ్లు గుడ్డతో వడకట్టేవాళ్లమా? కదలకుండా ఉంచితే మడ్డి అదే అడుక్కి దిగుతుంది. కాచిన గిన్నెలోనే మూత పెట్టి వదిలేస్తాను. పెచ్చులు దిగాక పైతేట వంచుకుంటే సరి."

కోడలు ఆశ్చర్యంగా చూసింది. తొమ్మిదేళ్ల సర్వీసులో తనకు తట్టలేదు. డ్రమ్మును రెండు రోజులకోసారి మరిగే నీళ్లతో కడగాలనీ, దానిలో చెంబు గానీ చెయ్యి గానీ ముంచకూడదనీ, కుళాయి తిప్పే పట్టుకోవాలనీ, పట్టుకునేటప్పుడు గ్లాసు అంచు మీద వేలు పడకూడదనీ అనుకున్నారు. అన్నీ చేశారు. పిడుగుకు కడగడం, తినిపించడం మెల్లగా మళ్లీ ఆయన చేతికొచ్చాయి. నీళ్లు మాత్రం పొయ్యలేదు. డ్రమ్ములో నీళ్లు నింపేవారు, ఆ నీళ్లను తనొక్కరే తాగేవారు, పిడుగుకు పట్టేవారు కాదు.

మూడు రోజులు అలా చూసుకుని, ఒక పొద్దున, "మీ సీసా ఒకటి ఇలా ఇయ్యి," అన్నారు. ఇచ్చింది. ఆమెను వంటింట్లోంచి బయటికి పంపి తలుపు వేసుకున్నారు. సబ్బు చప్పుడు, గ్లాసు చప్పుడు, నీళ్ల చప్పుడు వినిపించాయి. తిరిగి ఇచ్చిన సీసా మీద చీటీ నింపి ఉంది. పంపుహౌస్ లాగ్‌బుక్కులో రాసే గుండ్రటి అక్షరాలు. సేకరించిన చోటు: పిడుగు తాగే గ్లాసు. సేకరించినవారు: తాత.

"మనింటిదని చూడకు," అన్నారు. "పరాయివాళ్ల సీసా ఎలా చూస్తావో అలాగే చూడు. ఒక్క చుక్క కనిపించినా చెప్పాలి. దాచావో, నా మీదొట్టే."

ఎన్ని వేల సీసాలు చూసిందో ఆమె. ఆ ఒక్క సీసాకు భయపడ్డట్టు దేనికీ భయపడలేదు. ఇందులో ఒక్క చుక్క మొలిచినా ఆ మనిషి మళ్లీ కుర్చీలో కూర్చుండిపోతారు, ఇక లేవరు. పెట్టె తలుపు వేసి, వెళ్లబోయి, సరిగ్గా పడిందో లేదో అని మళ్లీ వచ్చి చూసింది.

మర్నాడు గడువు కాగానే పళ్లెం తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లింది. ఒకసారి చూసింది. భూతద్దం పెట్టి చూసింది. తన కళ్లు తనకు అబద్ధం చెబుతాయేమోనని పెద్దసారును పిలిచి చూపించింది. ఆయన చూసి, "ఇందులో ఏముందమ్మా చూడ్డానికి?" అన్నారు. ఆ మాట విని ఆమె ల్యాబ్‌లో అందరి ముందూ ఏడ్చేసింది. పర్మిషన్ చీటీ సరిగ్గా నింపను కూడా నింపకుండా ఇంటికి పరుగెత్తింది.

మామగారు గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని ఉన్నారు. పిడుగు నేల మీద గిన్నెల మూతలు పరిచి ఏదో సంసారం నడుపుతోంది. వేళ కాని వేళ వచ్చిన కోడల్ని చూసి ఆయన లేచి నిలబడ్డారు.

"సున్నా మామయ్యా."

"సరిగ్గా చూశావా?"

"నేను చూశాను. మా పెద్దసారు చూశారు. సున్నా."

ఆయన తల ఊపి వంటింట్లోకి వెళ్లారు. సబ్బు రుద్దుకుంటూ పైకే లెక్కపెడుతుంటే పన్నెండు దగ్గర లెక్క తప్పింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. డ్రమ్ము కుళాయి తిప్పి గ్లాసు నింపారు. అలవాటు కొద్దీ వెలుతురుకెత్తి చూడబోయి, దించేశారు. వచ్చి, నొప్పెట్టే మోకాళ్లు మడిచి, పిడుగు ముందు నేల మీద కూర్చున్నారు.

"ఇదిగో అమ్మడూ. నీళ్లు."

పిడుగు గ్లాసు వంక చూసింది. తాత మొహం వంక చూసింది. ఇన్నాళ్లు సతాయించిన మనిషిని అంత తేలిగ్గా క్షమించాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు మూతి ముడిచింది. తర్వాత ఆయన వేళ్లతో సహా గ్లాసును రెండు చేతులా పట్టుకుని గటగటా తాగేసింది. గడ్డం మీదుగా కారి గౌను తడిసింది.

"ఇంకా," అంది.

ఆయన పోసుకొచ్చారు. తాగింది.

"ఇంకా."

మూడో గ్లాసులో రెండు గుక్కలకే దాని బొజ్జ నిండిపోయింది. అయినా గ్లాసు వదల్లేదు, తాత వేళ్లూ వదల్లేదు. అంచు మీద పెదాలు ఆనించుకుని, పైకి ఆయన్నే చూస్తూ, తాగుతున్నట్టు నటిస్తోంది. దానికి దాహం ఎప్పుడో తీరిందని ఆయనకూ తెలుసు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నా ఆయన గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నారు.